చేలో, తోటలో, బండల దగ్గర: కుట్టే పురుగుల సంగతి

ఆరుబయట పని చేసేవాళ్ళను పురుగుల గురించి అడిగితే ఎక్కువమంది ఒకటే మాటంటారు: "ఏముందిలేప్పా, కుడతా ఉంటాయి, పోతా ఉంటాయి." అనంతపురం శనక్కాయ చేలోనూ అదే మాట, ఆదోని పత్తి చేలోనూ అదే మాట, ఎర్రగుంట్ల నాపరాళ్ళ గనుల దగ్గరా అదే మాట. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కాసేపు మంట, ఓ పూట వాపు, మర్నాడు మళ్ళీ పనిలోకి. కానీ కొన్నిసార్లు అది ప్రాణం మీదికి వస్తుంది. అలా వచ్చినప్పుడు ఒకచోట పురుగు విషం కారణం, ఇంకోచోట దాన్ని చూసి మనం చేసిన తొందర పని కారణం, మరోచోట "అదే తగ్గిపోతుందిలే" అని ఇంట్లో కూచున్న నాలుగైదు గంటలు కారణం.

అన్నిటినీ "పురుగు కుట్టింది" అనే ఒకే మాట కింద వేస్తాం కాబట్టి జాగ్రత్త కూడా అన్నిటికీ ఒకటే అనుకుంటాం. ఒకాయన దోమల క్రీము రాసుకున్నానన్న ధైర్యంతో తేనెతుట్టె ఉన్న చెట్టు కింద ట్రాక్టరు తోలతాడు. ఇంకొకరు తేలు కుట్టినచోట సున్నం పెట్టుకుని, ఆయాసం వచ్చేదాకా కదలరు. అసలు ఆ పురుగు మన ఒంటిదాకా ఎందుకొచ్చింది అని ఒక్క ప్రశ్న వేసుకుంటే ఈ గందరగోళం చాలావరకు సర్దుకుంటుంది.

కొన్ని మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. దోమ, జోరీగ, గడ్డిలోని సన్న నల్లి ఆ జాతి. వాటికి మన ఒళ్ళు తిండి. కొన్ని తమ ఇల్లు కాపాడుకోవడానికి వస్తాయి. తేనెటీగ, కందిరీగ, కొరివిచీమ అలాంటివి. ఇంకొన్ని వాటి దారిన అవి ఉంటాయి. మన చెయ్యో కాలో మెడో వాటిమీద పడ్డప్పుడే హాని. తేలు, జెర్రి, గొంగళి పురుగు, బొబ్బలు తెప్పించే పెంకు పురుగులు ఈ కోవలోకి వస్తాయి. తేలూ జెర్రీ నల్లీ శాస్త్రం లెక్కలో కీటకాలు కావు, కానీ రాయి కింద చెయ్యి పెట్టేవాళ్ళకు ఆ తేడాతో పని లేదు.

ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. వెతుక్కుంటూ వచ్చేవాటిని నిండు బట్టలు, డీట్ లాంటి మందు ఉన్న క్రీములు ఆపుతాయి. తేనెటీగను, కందిరీగను ఆ క్రీము ఆపదు, ఎందుకంటే అవి మన రక్తం కోసం రావడం లేదు, తమ గూటి దగ్గరకు ఎవరో వచ్చారని వస్తున్నాయి. వాటి దగ్గర పనికొచ్చేది దూరం ఒక్కటే. తేలు విషయంలో క్రీమూ పనికిరాదు, పరుగూ పనికిరాదు. చెయ్యి పెట్టేముందు కన్ను పెట్టాలి.

ఇల్లు కాపాడుకునేవి

ముందు తేనెటీగల సంగతి, ఎందుకంటే గుంపుగా పనిచేసేవాళ్ళను ఒక్కసారిగా పడగొట్టగలిగేవి అవే. చిన్న తేనెటీగలు పొదల్లో చిన్న పట్టు పెడతాయి, వాటితో పెద్ద ప్రమాదం లేదు. భయపడాల్సింది కొండ తేనెటీగకు. పెద్ద చెట్ల కొమ్మలకు, కొండ చరియలకు, వాటర్ ట్యాంకుల అడుగున, పాత భవనాల చూరుకు ఒకటే పెద్ద పట్టు వేలాడదీస్తుంది. ఒక్కోటి మీటరు వెడల్పు దాకా ఉంటుంది. దాని మీద వేల ఈగలు తెర కట్టినట్టు పరుచుకుని ఉంటాయి. కందిరీగ లాంటి శత్రువు దగ్గరకొస్తే ఆ తెర మీద అల లాగా ఒక కదలిక ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతుంది. వేలాది ఈగలు ఒకదాని వెనుక ఒకటి తోక భాగం పైకెత్తడం అది. పట్టు మీద ఆ అలలు పదే పదే కనిపిస్తున్నాయంటే అవి అప్రమత్తంగా ఉన్నాయని అర్థం. ఆ చెట్టు కింద పని ఆ రోజుకు వద్దు.

ఊరికే ఉన్న పట్టు ఊరికే లేవదు. రాయి తగిలితే, పొగ పడితే, గద్ద తన్నితే లేస్తుంది. గడ్డి కోసే యంత్రం మోత, ట్రాక్టరు అదురు, పెళ్ళి ఊరేగింపులో టపాకాయలు కూడా చాలు. నల్లమలలో తేనె తీసే చెంచులు ఇదే కొండ తేనెటీగతో తరతరాలుగా పనిచేస్తున్నారు. వాళ్ళకు పొగ ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో తెలుసు. అది చూసి, వినీ, చీనీ తోటలో పట్టు కింద మనం మంట పెడితే ఫలితం వేరుగా ఉంటుంది.

తేనెటీగ కొండికి వెనక్కి తిరిగిన ముళ్ళుంటాయి. మన చర్మంలో దిగాక అది బయటికి రాదు. ఈగ ఎగిరిపోతే కొండీ, దాని విషపు సంచీ మన ఒంట్లోనే ఉండిపోతాయి. సంచి ఇంకా కొట్టుకుంటూ విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటుంది. అందుకే కొండిని గోటితో గీకాలా, వేళ్ళతో పట్టి లాగాలా అని ఆలోచిస్తూ నిలబడటం దండగ. ఎలా తీసినా ఫరవాలేదు, వెంటనే తీయడమే ముఖ్యం. ఇంకో సంగతి, కుట్టిన చోటి నుంచి ఒక వాసన వస్తుంది, పండిన అరటిపండు వాసనలా ఉంటుంది. మిగతా ఈగలకు అది "ఇక్కడే కుట్టండి" అన్న పిలుపు. ఈగను ఒంటి మీదే కొట్టి నలిపినా ఆ వాసన వస్తుంది. ఒకటి కుట్టిందని అక్కడే నిలబడి చేతులు విదిలించి కొట్టే మనిషి మీదికే మిగతావన్నీ ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది.

తుట్టె లేచిందంటే చేయాల్సింది పరుగే. తువ్వాలో కొంగో ముఖానికి చుట్టుకుని, దారి కనపడేంత సందు ఉంచుకుని, తలుపు వేసుకునే చోటికి పరుగెత్తాలి. అవి కళ్ళనూ, నోటినీ, ముక్కునూ వెతుకుతాయి. మన ఊపిరి వాటికి గురి. కొండ తేనెటీగ కొన్ని వందల మీటర్లు తరుముతుంది, కాబట్టి నాలుగడుగులు వేసి ఆగితే లాభం లేదు. ఇల్లు, కారు, అద్దాలు ఎక్కించిన లారీ క్యాబిన్, ఏదైనా సరే. వెంట నాలుగు ఈగలు లోపలికి వచ్చినా బయట ఉన్న వేలకంటే నయం. బావిలోకో కుంటలోకో దూకడం మాత్రం వద్దు. తల పైకెత్తేదాకా అవి నీళ్ళ మీదే తిరుగుతుంటాయి, ఈలోగా ఈత రానివాడు మునిగిపోతాడు. పక్కవాడు పడిపోతే? దుప్పటో టార్పాలినో ఉంటే కప్పుకుని వెళ్ళి అతని మీద కూడా కప్పండి. ఏమీ లేకుండా వెళితే ఇద్దరూ పడిపోతారు.

కందిరీగ లెక్క వేరు. దాని కొండికి అలాంటి ముళ్ళు లేవు, ఒకటే ఈగ నాలుగుసార్లు కుట్టగలదు. గూళ్ళు మాత్రం చిన్నవి, మనిషి చెయ్యి పెట్టే చోట్లే కడుతుంది. బోరు దగ్గరి స్టార్టర్ డబ్బా దానికి ఇష్టమైన చోటు. డబ్బా తలుపు ఎండకు వంగి ఓ వేలు సందు ఉంటుంది, లోపల నీడ, ఎప్పుడో కరెంటు వచ్చినప్పుడు తప్ప కదలిక ఉండదు. లోపలి గోడకు కాగితంలాంటి బూడిదరంగు గూడు తొడిమతో వేలాడుతుంది, పిడికిలంత. తెల్లవారుజామున త్రీఫేజ్ కరెంటు వచ్చిందని నిద్రమత్తులో వచ్చి తలుపు లాగితే ముఖం సరిగ్గా దాని ఎదుటే. కుట్టిన మంటకు చెయ్యి విసురుతాం, ఆ చెయ్యి పోయి లైవ్ వైరుకు తగిలే ప్రమాదం కూడా అక్కడే ఉంది. పొడుగాటి ఎండు కర్రతో డబ్బాను రెండుసార్లు తట్టి, పక్కకు నిలబడి, కాసేపు చూసి, తర్వాత తలుపు తీయడం చాలు. మా వైపు పెద్దవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు. డ్రిప్ వాల్వు గుంతల మూతలకీ, మీటరు పెట్టెలకీ ఇదే పద్ధతి. ఓర్వకల్లు, గని అనే ఊళ్ళ దగ్గరి సోలార్ పార్కు లాంటి చోట్ల ప్యానెళ్ళు కడిగేవాళ్ళకు పలకల అడుగున చూడటం పనిలో మొదటి మెట్టు కావాలి, ఎందుకంటే నీడా చల్లదనమూ దొరికే ఆ అడుగు భాగం కందిరీగకు స్టార్టర్ డబ్బా లాంటిదే.

ఇక కుట్టాక. ఒకటీ రెండూ కుట్టి, కుట్టినచోటే వాపూ మంటా ఉంటే కొండి తీసి, సబ్బుతో కడిగి, చల్లటి నీళ్ళ గుడ్డ వేసి ఊరుకోవచ్చు. సున్నం, కిరోసిన్ వద్దు. తేనెటీగ విషం ఆమ్లం కాబట్టి సున్నం విరుగుడు అని చెబుతారు గానీ, విషం చర్మం కింద ఉంటుంది, సున్నం పైన ఉంటుంది. అది అక్కడికి చేరదు, పైగా తోలు కాలుస్తుంది.

ఎలర్జీ ఉన్న మనిషికి మాత్రం ఒక్క ఈగ చాలు. కుట్టింది చేతి మీదైతే పెదవులు ఉబ్బడం, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు పట్టేసినట్టు ఉండటం, వాంతులు, కళ్ళు తిరగడం, పిల్లికూతల ఆయాసం. ఇవి సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే, అరుదుగా గంట దాటాక మొదలవుతాయి. అప్పుడు ప్రాణం నిలబెట్టే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ కండలో వేస్తారు. సిట్రిజిన్ బిళ్ళ దురద తగ్గిస్తుంది, ఊపిరి నిలబెట్టదు. బిళ్ళ వేసి "చూద్దాం" అనుకోవడం ఈ ఒక్క సందర్భంలో చాలా ప్రమాదం. 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు మనిషిని పడుకోబెట్టి కాళ్ళ కింద ఎత్తు పెట్టండి, ఆయాసంగా ఉంటే కూచోబెట్టండి, లేపి నడిపించొద్దు. ఎలర్జీ లేని మనిషికి కూడా పదుల సంఖ్యలో, ఇంకా ఎక్కువ కుడితే ఆస్పత్రిలో చూపించాల్సిందే. ఆ రోజు బాగున్నట్టే ఉండి, తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే కండలూ రక్తకణాలూ చితికి కిడ్నీల మీద భారం పడుతోందని అర్థం.

నలిపితే కాల్చేవి

ఇవి కుట్టవు, కరవవు. కంది పూతకొచ్చినప్పుడు చేలో పూల మీద ఒక పెంకు పురుగు కనిపిస్తుంది. నల్లటి రెక్కల మీద నారింజ రంగు పట్టీలు, బొటనవేలి గోరంత పొడుగు, మెల్లగా పువ్వును తింటుంటుంది. అలసంద, బెండ పూల మీద కూడా ఉంటుంది. వ్యవసాయ అధికారులు దీన్ని బ్లిస్టర్ బీటిల్ అంటారు. పట్టుకుంటే కాళ్ళ కీళ్ళ దగ్గర నుంచి పసుపురంగు చుక్క కారుస్తుంది. ఆ చుక్కలో క్యాంథరిడిన్ అనే పదార్థం ఉంటుంది. తగిలినప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటలు పోయాక అక్కడ నీటి పొక్కు లేస్తుంది. పూతను కాపాడుకోవడానికి ఈ పురుగుల్ని ఏరిపారేసే రైతులు చేతికి గ్లౌజులు వేసుకోవాలి, లేదంటే ఒక ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోవాలి. ఏరి సబ్బు నీళ్ళ డబ్బాలో వేస్తే సరి. దీని పిల్ల పురుగులు నేలలో మిడతల గుడ్లను తిని బతుకుతాయి, కాబట్టి చేలో అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తే మందు కొట్టాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం.

దీనికి రాత్రిపూట దాయాది ఇంకొకటుంది. సెంటీమీటరు లోపే పొడుగు, సన్నగా చీమలా ఉంటుంది, నలుపూ నారింజా వరుసగా. దాన్ని జనం యాసిడ్ పురుగు అంటారు. వరి మళ్ళలో చిన్న పురుగుల్ని తిని మనకు మేలే చేస్తుంది. వానాకాలంలో వరి పొలాల పక్క ఊళ్ళలో, మన దగ్గరైతే కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద, ట్యూబ్‌లైటు వెలుగుకు ఇళ్ళలోకీ హాస్టళ్ళలోకీ వస్తుంది. మెడ మీద పాకుతుంటే నిద్రలో చెయ్యి దానంతటదే వెళ్ళి రుద్దేస్తుంది. నలిగిన ఒంట్లోంచి పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుతుంది. ఆ విషాన్ని తయారు చేసేది పురుగు కాదు, దాని ఒంట్లో కాపురం ఉండే ఒక బ్యాక్టీరియా. మరుసటి రోజుకు గీత గీసినట్టు ఎర్రగా కాలి, మధ్యలో చీము పొక్కులు వస్తాయి. మోచేతి మడతలో నలిగితే మడత రెండు వైపులా ఒకేలాంటి మచ్చ పడుతుంది. చాలామంది దాన్ని విసర్పి (హెర్పిస్) అనుకుని వేరే మందులు వాడతారు. పురుగు ఒంటి మీద కనిపిస్తే నోటితో ఊదండి, లేదా కాగితం ముక్క అడ్డం పెట్టి దాని మీదికి ఎక్కించి విదిలించండి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు. పడుకునే చోట తెల్ల లైటు బదులు పసుపు వెలుగు బల్బు పెడితే పురుగుల రాక తగ్గుతుంది.

గొంగళి పురుగు గురించి మునగచెట్టున్న ఏ ఇంటికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కాండం మీద గుంపులు గుంపులుగా అంటుకుని ఉంటాయి. తెలియాల్సింది ఏమిటంటే, పురుగు చచ్చినా, కుబుసం విడిచి పోయినా ఆ వెంట్రుకలు దురద పెడుతూనే ఉంటాయి. గాలికి రాలి కింద ఆరేసిన బట్టల మీద పడతాయి. ఆ చొక్కా వేసుకున్నవాడికి పురుగు కనపడకుండానే ఒళ్ళంతా దద్దుర్లు. గోకితే వెంట్రుక ఇంకా లోపలికి దిగుతుంది. ప్యాకింగ్ టేపు ముక్కను దురద ఉన్నచోట అంటించి పీకితే వెంట్రుకలు దానికి పట్టుకుని వస్తాయి. రెండు మూడుసార్లు కొత్త ముక్కతో అలా చేసి, తర్వాతే కడగాలి. కంట్లో పడితే మాత్రం నలపకుండా నీళ్ళతో కడిగి కంటి డాక్టరు దగ్గరకే పోవాలి. వెంట్రుక కనుగుడ్డులోకి దిగితే వారాల తరబడి బాధ పెడుతుంది.

రాయి కింద ఉండేది

మన రాయలసీమలో తేలుతో పనిలేని వృత్తి తక్కువ. నాపరాళ్ళ దొంతరలు, శనక్కాయ కట్టె వాములు, కూలిన గోడల రాళ్ళు, కొట్టంలో పేర్చిన వంటచెరుకు, అన్నీ దానికి ఇళ్ళే. పగలు సందులో ఉండి రాత్రి తిరుగుతుంది. బండ ఎత్తడానికి వేళ్ళు అడుగుకు పోనిచ్చే మనిషికి వేలి కొసే మొదటి ప్రమాదం. గడ్డపారతోనో కొక్కెంతోనో బండను తనవైపు కాకుండా అవతలికి తిప్పి, అడుగు చూశాక చెయ్యి వేయాలి. బూట్లూ చెప్పులూ తలకిందులు చేసి దులపడం ప్రతి పొద్దూ చేయాల్సిన పని. రాత్రి పని ఉన్నచోట యూవీ టార్చి ఒకటి కొనుక్కోండి, దొంగనోట్లు పట్టడానికి అంగళ్ళలో వాడతారే, అదే. ఆ వెలుగులో తేలు ఒళ్ళు నీలం కలిసిన పచ్చరంగులో మెరుస్తుంది. బండల దొంతర మీద ఆ టార్చి వేస్తే మామూలు వెలుగులో అసలు కంటికి ఆనని తేళ్ళు కూడా దూరం నుంచే కనిపిస్తాయి.

కర్నూలు జిల్లా కోడుమూరు కొండ మీద కొండలరాయుడి గుడి దగ్గర శ్రావణ మాసం మూడో సోమవారం నాడు భక్తులు రాళ్ళు తిప్పి తేళ్ళను పట్టి స్వామికి సమర్పిస్తారు. చేతుల మీదా ముఖం మీదా పాకించుకుంటారు. తేలు మనిషిని వెతికి కుట్టే ప్రాణి కాదన్నది అక్కడ కళ్ళారా కనిపిస్తుంది. ఆ కొండ మీది భక్తి ఆ కొండది. పనిచోట కుట్టిన తేలుకు మాత్రం ఆస్పత్రే దారి.

ఏ తేలు ప్రమాదం అన్న విషయంలో జనం అంచనా తలకిందులుగా ఉంటుంది. నల్లగా అరచేయంత ఉండే మండ్రగబ్బను చూసి హడలిపోతారు, చిన్నగా ఎర్రగా ఉన్న తేలును చూసి "చిన్నదేలే" అంటారు. గుండెను దెబ్బతీసేది ఆ చిన్న ఎర్రతేలే. దాని విషం మన ఒంట్లోని అడ్రినలిన్ లాంటి రసాయనాలను ఒక్కసారిగా వదిలేలా చేస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె ఆ ఒత్తిడికి అలసిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. బయటికి కనిపించే గుర్తులు: ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చేతులూ కాళ్ళూ మంచులా చల్లబడటం, గుండె దడ, తర్వాత దగ్గూ ఆయాసమూ. మగవాళ్ళకు అంగం గట్టిపడి అలాగే ఉండిపోతుంది. సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా ఉంటారు గానీ విషం ఒంటికెక్కిందని చెప్పే ముఖ్యమైన గుర్తు అది. విచిత్రం ఏమిటంటే విషం బాగా ఎక్కినవాళ్ళకు కుట్టినచోట నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ధైర్యపడకూడదు.

దీనికి మందు కనిపెట్టిన కథ మనలాంటి పల్లె వైద్యుడిదే. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసే డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, బీపీకి వాడే ప్రాజోసిన్ అనే మామూలు బిళ్ళ తేలు విషానికి పనిచేస్తుందని చూపించారు. 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ సంగతి వచ్చింది. బిగుసుకున్న రక్తనాళాలను అది వదులు చేస్తుంది. ఆ బిళ్ళ వాడకంలోకి వచ్చాక ఎర్రతేలు మరణాలు ఎంతో తగ్గాయి. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మందు చవక, కానీ బీపీ చూస్తూ డాక్టరే ఇవ్వాలి, ఇంట్లో వేసుకునేది కాదు. త్వరగా మొదలుపెడితేనే పూర్తి ఫలితం.

ఇక చింతగింజ. గింజను బండ మీద అరగదీసి కుట్టినచోట అంటిస్తే అది పట్టుకుంటుంది, విషం లాగేశాక రాలిపోతుంది అని నమ్మకం. మంత్రం వేసేవాళ్ళూ ఉన్నారు. వీటి మీద జనానికి అంత నమ్మకం ఎందుకు నిలిచిందో కూడా చెప్పుకోవాలి. తేలు కుట్టినవాళ్ళలో ఎక్కువమందికి నొప్పి తప్ప ఇంకేమీ రాదు, ఆ నొప్పి కూడా కొన్ని గంటల్లో దానంతటదే దిగుతుంది. కాబట్టి చింతగింజ పెట్టినా, ఉల్లిపాయ రుద్దినా, ఊరికే కూచున్నా నొప్పి తగ్గుతుంది. పేరు మాత్రం గింజకు వస్తుంది. విషం ఎక్కిన ఆ కొద్దిమందికి ఆ గంటలే ప్రాణం. గింజ పెట్టుకోవద్దని ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. ఆటో ఎక్కాక పెట్టుకోమనండి. పిల్లలకు కుడితే గుర్తుల కోసం ఎదురుచూడకుండా ఆ నిమిషమే బయల్దేరాలి. ఒళ్ళు చిన్నది, విషం అంతే. పెద్దవాళ్ళనైనా కొన్ని గంటల పాటు ఆస్పత్రిలో కనిపెట్టుకుని ఉండటం మంచిది. కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు.

చీకట్లో ఏదో కుట్టింది, ఏమిటో చూడలేదు అంటే దాన్ని పాముకాటుగానే లెక్కవేసి పోవాలి. కట్లపాము కాటుకు నొప్పీ వాపూ దాదాపు ఉండవు, చీమ కుట్టిందనుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదు.

గడ్డిలో కనపడని నల్లి

దోమ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. డెంగీ దోమ పగలే కుడుతుందనీ, ఇల్లు కట్టే చోట క్యూరింగ్ కోసం నింపిన తొట్లలో పెరుగుతుందనీ మేస్త్రీలు గుర్తుంచుకుని, వారానికోసారి తొట్టి ఖాళీ చేసి ఎండబెడితే చాలు.

అంతకంటే తక్కువ తెలిసినది స్క్రబ్ టైఫస్. పొదలూ గడ్డీ ఉన్నచోట, ఎలుకలు తిరిగే గట్ల మీద ఉండే ఒక నల్లి పిల్ల దీన్ని అంటిస్తుంది. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. కరిచినప్పుడు నొప్పి లేదు, చాలామందికి దురద కూడా ఉండదు. సుమారు పది రోజులకు గట్టి జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. కరిచినచోట కొందరికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఏర్పడుతుంది. అది నొప్పి పుట్టదు, పైగా చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర చీర ముడి కింద, రొమ్ముల కింద దాక్కుని ఉంటుంది, కాబట్టి రోగికీ తెలియదు, డాక్టరూ చూడడు. డెంగీ కాదు, మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు అని రోజులు గడుస్తాయి. ఈలోగా ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. కనిపెడితే మాత్రం డాక్సీసైక్లిన్ అనే పాత, చవక మందుకు లొంగుతుంది. ఎక్కువగా వానల తర్వాత నుంచి చలికాలం దాకా వస్తుంది, అంటే మన దగ్గర శనక్కాయ పీకే రోజుల నుంచి పత్తి తీసే రోజుల దాకా. ఆ నెలల్లో జ్వరం వస్తే "నేను పొలం పనికి పోతాను" అన్న మాట డాక్టరుకు చెప్పండి, ఒంటి మీద నల్ల చెక్కు ఉందేమో ఇంట్లోవాళ్ళతో వెతికించుకోండి.

పత్తి చేలో, కలుపు తీసేచోట మన ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా వేసుకోవడం మంచి అలవాటు. నల్లి అయితే కింది నుంచి ఎక్కుతుంది, కాబట్టి పాదాల దగ్గర కూడా కప్పు కావాలి. పాత సాక్సుల్లోకి ప్యాంటు కొసలు దోపినా సరిపోతుంది. అన్నం తినేటప్పుడు గడ్డి మీద నేరుగా కూచోకుండా గోనెపట్ట వేసుకోవాలి, విప్పిన చొక్కా పొద మీద పడేయకూడదు. సాయంత్రం ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చేస్తే అప్పటికింకా గట్టిగా పట్టుకోని నల్లులు పోతాయి.

పనికి పిలిచేవాళ్ళు

ఇన్ని జాగ్రత్తలూ కూలికి వచ్చినవాళ్ళ మీదే పెట్టడం న్యాయం కాదు. గ్లౌజుల జత కొనమని, బూట్లు తొడుక్కోమని చెప్పడం తేలిక. రోజు కూలితో బతికేవాళ్ళకు అవి కొనడం తేలిక కాదు. ఉపాధి హామీ పనిచోట నీళ్ళూ నీడా ఫస్ట్ ఎయిడ్ పెట్టే ఉండాలని 2005 నాటి చట్టంలోనే రాశారు. ఆ పెట్టె ఎక్కడుందని అడిగితే చాలా చోట్ల మొహమొహాలు చూసుకుంటారు. తోట యజమాని అయినా, గని కాంట్రాక్టరు అయినా, ఉపాధి పని చూసుకునే మేట్ అయినా పని మొదలయ్యేముందు ఒక్కసారి ఆ చోటంతా తిరిగి చెట్ల పైకీ బండల కిందికీ చూసి రావాలి. తేనెతుట్టె ఉంటే పని చోటు మార్చాలి. పరుగెత్తాల్సి వస్తే ఎటు పోవాలో, తలుపున్న గది ఎక్కడుందో పొద్దున్నే అందరికీ చూపించాలి. దగ్గరలో ఏ ఆస్పత్రిలో రాత్రిపూట డాక్టరు ఉంటారో తెలుసుకుని, ఆ నంబరు, ఒక ఆటో డ్రైవరు నంబరు ఫోనులో పెట్టుకోవాలి. "ఇంతకుముందు ఎవరికైనా తేనెటీగో కందిరీగో కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయా, ఆయాసం వచ్చిందా?" అని గుంపులో అడగాలి. వచ్చిందని ఎవరైనా చెబితే వాళ్ళ కూలి తెగకుండా, తుట్టెలూ గూళ్ళూ లేని చోట వేరే పని ఇవ్వాలి. కూలి పోతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు.